తాడ్వాయి ఇవతలి అడ్డకర్ర

పోయిన నెల మా తమ్ముడి మనవరాలికి ఒడిబియ్యం పోస్తున్నారంటే ఎల్లారెడ్డి దగ్గర మా పుట్టినూరికి వెళ్లాను. ఆడపిల్ల పుట్టింటి నుంచి అత్తగారింటికి పోయేటప్పుడు పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిలో పోసి పంపడం మా వైపు ఆచారం. పిల్ల హైదరాబాదులో ఉంటుంది. పీటమీద కూర్చుని కొంగు పట్టింది కానీ, మూడో మానిక, అంటే మూడో కొలత, పడేసరికి తల్లివైపు చూసి, "ఇన్ని బియ్యం నేనెట్ల మోసుకపోవాలె? మా కాడ దొరకయా?" అని నవ్వింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. గాలి ఆడడం లేదని చెప్పి లేచి వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను. కొత్త బియ్యానికి పసుపు పట్టించినప్పుడు వచ్చే ఆ వాసన చాలామందికి పెళ్లివాసన. నాకు ఆ వాసన ముక్కుకు తగిలితే ఆ చోట కూర్చోలేను. ఇన్నేళ్లూ ఎందుకని ఎవరైనా అడిగితే ఏదో చెప్పి దాటవేశాను. ఇప్పుడు అడిగేవాళ్లు కూడా లేరు కాబట్టి రాసి పెడుతున్నాను.

మా ఇల్లు ధాన్యం ఇల్లు. అంత పెద్ద భూమేమీ కాదు, కానీ చెరువు కింద మడికట్లు, ఏడాదికి రెండు పంటలు. వాకిట్లో రెండు పాతరలు ఉండేవి. నేలలో బావిలా తవ్వి, లోపల చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మట్టితో మూసేవాళ్లు. వానాకాలం ముందు పాతర తెరిచిన రోజున వెచ్చటి పులిసిన వాసన ఒకటి ఇల్లంతా కమ్ముకునేది. ఆ గాలి పీలిస్తే మనిషి పడిపోతాడని బాపు, అంటే మా నాన్న, ముందుగా తాడుకు దీపం కట్టి లోపలికి దించేవాడు. దీపం ఆరకుండా ఉంటేనే ఎవరైనా దిగాలి. అంతవరకు మమ్మల్ని చుట్టుపక్కలకు రానిచ్చేవాడు కాదు. మా బాపు భయస్తుడు కాడు, జాగ్రత్తపరుడు. ఈ రెంటికీ తేడా ఉందని నాకు తర్వాత తెలిసింది, ఆయన రెండోదాంట్లోంచి మొదటిదాంట్లోకి మారడం నా కళ్లముందే జరిగింది కాబట్టి.

అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్లం. అవ్వ, ఇద్దరు కూలి ఆడవాళ్లు కలిసి పొద్దుపొడవక ముందే వడ్లు దంచేవాళ్లు. ఆ రోకటి పోటు నేలమీదుగా మా పక్కబట్టల్లోకి వచ్చేది. తవుడు ఎగిరి గుమ్మం మీద, దూడల వీపుల మీద, అవ్వ కనుబొమ్మల మీద పడేది. కోతలయ్యాక వారానికోసారి బాపు బియ్యం బస్తాలు బండికెత్తుకుని కామారెడ్డి గంజికి, అంటే ధాన్యం అంగడికి, పోయేవాడు. ముందురోజు ఇరుసుకు ఆముదం పెట్టడం, అవ్వ జొన్నరొట్టెలు చేసి మిరపకాయ తొక్కు మధ్యలో పెట్టి గుడ్డలో కట్టడం, ఊరి బండ్లన్నీ మా ఇంటి ముందే కూడడం, ఇదొక పండగలాంటి పని. తిరిగి వచ్చేటప్పుడు ఉప్పు, బెల్లం, దీపాలకు గ్యాసునూనె తెచ్చేవాడు. ఆయన తలగుడ్డ తీసుకుని నేను వాసన చూసేదాన్ని. దాంట్లో రైలు పొగ వాసన ఉండేది. కామారెడ్డి వేరే తాలూకా అనీ, మాది వేరే అనీ మాకు తెలియదు. ఒక బాట, ఆ చివర బియ్యం కొనేవాళ్లు, ఈ చివర పండించేవాళ్లం, అంతే తెలుసు. నా పెండ్లి కూడా ఆ బాట పుణ్యమే. బాపు బియ్యం దించే దుకాణంలో రాతపని చేసే పిల్లగాడు నెమ్మదస్తుడని చూసి, అతనికే నన్నిచ్చాడు. అతనికి తల్లి ఒక్కతే. ఊరి బయట ఉన్న కాస్త చెలకలో వానపడితే పంట, లేకపోతే లేదు. ఆ గంజే వాళ్లకు పొలం.

యుద్ధం ఎక్కడో జరుగుతున్నదని మాటల్లో వినేవాళ్లం. అది మా వాకిట్లోకి డప్పు రూపంలో వచ్చింది. చాటింపు వేసేవాడు మా గడప ముందే నిలబడి, ఇక సర్కారు చిట్టీ లేకుండా ఏ ధాన్యమూ తాలూకా దాటరాదనీ, దాటిస్తే బండి, ఎడ్లు జప్తు చేస్తారనీ చెప్పి పోయాడు. చిట్టీ కావాలంటే తాలూకా కచేరి చుట్టూ తిరగాలి. తిరిగినవాళ్లు తిరుగుతూనే ఉన్నారు. తాడ్వాయికి ఇవతల, అడవి పలచబడే చోట, బాటకు రెండు పక్కలా పంగల గుంజలు పాతి వాటిమీద ఒక పొడవాటి చెట్టు మొద్దు అడ్డంగా పడేశారు. పక్కన తాటాకుల గుడిసె. దాన్ని నాకా అన్నారు. మా కాక మల్లయ్య, అంటే బాపు తమ్ముడు, అక్కడ జవాను తనకు ఎరికైనవాడేనని ధీమాగా మూడు బస్తాలు వేసుకుని పోయాడు. మూడోనాడు నడిచి వచ్చాడు. భుజం మీద పలుపుతాళ్లు మాత్రం ఉన్నాయి.

"ఎడ్లేవి మల్లయ్యా?" అని అవ్వ అడిగింది.

"ఆడ్నే ఉన్నయి," అన్నాడు కాక. ఆపైన ఎవరేమడిగినా అదే మాట. చాలా రోజులు, మేతవేళకు లేచి పోయి గడ్డి తెచ్చి ఖాళీ గుంజల ముందు వేసి వచ్చేవాడు. ఎవరూ వద్దనలేదు. బాపు అది చూస్తూ ఉండేవాడు. ఆ ఏడు మా బండి కామారెడ్డి బాట పట్టలేదు. ఇంట్లో వడ్లు గుమ్ములు దాటి అర్రలో పోశారు. పురుగు పట్టింది. తినగా మిగిలినదాన్ని కూడా ఎవరికైనా ఇవ్వడానికి భయం, ఎవరు ఎక్కడికి తీసుకుపోతారో, ఎవరి పేరు చెబుతారో అని.

నేను తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది ఆ రోజుల్లోనే. నేను వచ్చేసరికే కామారెడ్డిలో గంజి వీధి బోసిపోయింది. బండ్లు రాకపోతే దుకాణం లేదు, దుకాణం లేకపోతే మాకు పూట లేదు. అయినా అత్త నా ముందు ఏ రోజూ బయటపడలేదు. కాన్పయింది, కొడుకు పుట్టాడు. బాలింతనని అవ్వ నాకు పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి పెట్టేది. రెండు నెలలు నిండుతుండగా మా ఆయన పిల్లవాడిని చూడడానికి నడిచి వచ్చాడు. రెండు రోజులు పట్టిందట. అవ్వ కంచం నిండా అన్నం పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేదు. దవడ కింద ఎముకలు కదులుతున్నాయి. నాకు ఆ కంచం వైపు చూడడానికి సిగ్గేసింది.

పెరట్లో చెయ్యి కడిగిస్తుంటే మెల్లగా చెప్పాడు. "అమ్మ తింటలేదు. నేను తిన్న బిడ్డా అంటది. కుండల చెయ్యి పెట్టి చూస్తె తడి గూడ లేదు. పొద్దున లేస్తుంటె గోడ పట్టుకుంటున్నది."

"పట్నంల ఏం దొరుకుతలేవా?"

"దొరుకుతున్నయి. మనకు గాదు."

మర్నాడు వెళ్లిపోయాడు. అడవిదారిన పోయేవాళ్లను కూడా వెతుకుతున్నారని రెండు రొట్టెలు తప్ప ఏదీ తీసుకోలేదు. అవ్వ ఆ మాటలు వినే ఉంటుంది. ఆయన వెళ్లిన పొద్దునే చాటలో బియ్యం చెరుగుతూ బాపుతో అన్నది.

"బిడ్డను పంపాలె. ఒడిబియ్యం పొయ్యాలె. ఈసారి బస్త పోస్త."

బాపు పగ్గం పేనుతున్నవాడల్లా ఆగిపోయాడు. "బస్తనా? మల్లిగాని ఎడ్లు ఏడున్నయో యాదికున్నదా?"

"ఆడిబిడ్డకు పోసే బియ్యానికి చిట్టీ అడుగుతరా?"

"అడుగుతరు. అడ్డం నిలబడ్డోడు ఏదన్న అడుగుతడు."

"అడిగితె నేను జెప్త. నువ్వు బండి తోలు."

 రెండు రోజులపాటు బాపు ఇరుసుకు ఆముదం పెట్టిందే పెట్టాడు. అవ్వ నేలమీద దుప్పటి పరిచి, బస్తా బియ్యం గుమ్మరించి, మోచేతుల దాకా పసుపు చేసుకుని కలిపింది. ఆమె కలుపుతున్నంతసేపూ మా తమ్ముడిని తలుపు దగ్గర కాపలా నిలబెట్టింది. మామూలుగా ఒడిబియ్యం కలిపేటప్పుడు నలుగురు ముత్తైదువలను పిలుస్తారు. ఆ రోజు ఎవరినీ పిలవలేదు.

తెల్లవారుతుండగా బయల్దేరాం. బండిలో నేను, ఒళ్లో పిల్లవాడు, అవ్వ, వెనక గడ్డి కింద బస్తా. బాపు ఎప్పుడూ ఎడ్లతో మాట్లాడుతూ తోలేవాడు. ఆ రోజు నాలుకతో చప్పరింపు కూడా లేదు. లింగంపేట దాటాక అడవి మొదలైంది. మోదుగులు పూసి ఉన్నాయి. ఎదురుగా వచ్చిన ప్రతి మనిషినీ చూసి అవ్వ కొంగు సర్దుకునేది. నా పాలు ఆ రోజు పిల్లవాడికి సరిగా రాలేదు. వాడు చీకి చీకి ఏడుస్తుంటే, ఏడుపు ఆపమని బాపు వెనక్కి తిరిగి చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. ఆయన ఎన్నడూ పసివాళ్ల మీద విసుక్కునేవాడు కాడు.

నాకా దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. గుడిసెలోంచి జమేదారు వచ్చాడు. నడివయసువాడు. కళ్లజోడుకు ఒక కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకున్నాడు. వెనకాల లాఠీ పట్టుకుని ఒక జవాను.

"బండిల ఏమున్నది?"

 అవ్వ చెప్పింది. "బిడ్డ ఉన్నది. బిడ్డకు కొడుకు పుట్టిండు. అత్తగారింటికి తోలుకపోతున్నం. ఒడిబియ్యం ఉన్నయి."

జవాను గడ్డి తీశాడు. జమేదారు బస్తా మూతి విప్పి చెయ్యి లోపలికి పెట్టి తీశాడు. మణికట్టు దాకా పచ్చగా అయింది. ఆ చెయ్యి వైపే కాసేపు చూశాడు.

"ఒడిబియ్యం అంటె నాకు ఎరికే అమ్మా. ఎన్ని పోస్తరు?"

"అయిదు మానికెలు."

"ఇవి అయిదు మానికెలా?"

 బాపు బండి దిగి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. అవ్వ మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలలేదు. "అయిదుగురు ఆడిపిల్లలను కన్న," అన్నది. "నలుగురు పాలు మరువకముందే పోయిండ్రు. వాళ్ల ఒడిల ఎన్నడు పొయ్యలే. వాళ్లవి గూడ దీనికే పోసిన."

నాకు ముందు పుట్టి పోయినవాళ్లు ఇద్దరని నేను విన్నాను. నలుగురని ఆ రోజే మొదటిసారి విన్నాను. బాపు తల వంచుకున్నాడు. అది అబద్ధమో, నాకు చెప్పని నిజమో ఇప్పటికీ తెలియదు. తర్వాత అడగడానికి ఎన్నో ఏండ్లు దొరికాయి. అడగలేకపోయాను.

జమేదారు చెయ్యిని అంగీకి తుడుచుకున్నాడు. జవానును నీళ్ల కుండ ఇచ్చి వాగుకు పంపాడు. వాడు కనుమరుగయ్యాక గొంతు తగ్గించి అన్నాడు. "సాబ్ దౌరా మీద తనిఖీకి వస్తున్నడు. పొద్దు వంగకముందే వస్తడు. ఈ బస్త ఈడ కనబడితె మీ ఎడ్లు పోతయి, నా నౌకరి పోతది." మళ్లీ బస్తా వైపు చూశాడు. "బస్తల ఉన్నది ధాన్యం. దానికి చిట్టీ కావాలె. ఒడిల ఉన్నది ఒడిబియ్యం. దానికి చిట్టీ లేదు." ఆ మాట అని గుడిసెలోకి పోయి మా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

ముందు అర్థం చేసుకున్నది అవ్వే. పిల్లవాడిని ఎత్తుకుని, దుప్పటి చంకలో పెట్టుకుని, అడ్డకర్ర కింద వంగి అటు దాటింది. ఒక మోదుగు చెట్టు కింద దుప్పటి పరిచింది. బాపు మానికతో నా ఒడిలో పోయడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు పోయాల్సిన బియ్యం ఆయన పోశాడు. తొందరలో కొన్ని గింజలు మట్టిలో పడ్డాయి. నేను కొంగు బిగించి నడుముకు దోపుకుని, కర్ర కింద వంగి, అటు పోయి గుమ్మరించి, మళ్లీ వచ్చాను. మళ్లీ పోయాను. కాన్పయిన నడుము. వంగిన ప్రతిసారీ లోపల ఏదో తెగినట్టనిపించేది. ఎన్నిసార్లు దాటానో గుర్తులేదు. వెనక్కి తిరిగి చూస్తే బాట మీద, బండి దగ్గర నుంచి చెట్టు దాకా, కర్ర కిందుగా, పచ్చటి గింజల గీత పడి ఉంది. గుడ్డివాడికి కూడా కనపడేలా ఉంది. అవ్వ ఆ గీత మీద కాళ్లతో మట్టి కప్పుతూ వచ్చింది.

బస్తాలో మూడో వంతు ఉందనగా మోటారు చప్పుడు వినిపించింది. బాపు ఒక మానిక నా ఒడిలో పోసి, "పో బిడ్డా. మల్ల రాకు," అన్నాడు.

నేను అటు చేరేసరికి తాడ్వాయి వైపు దుమ్ము లేచింది. మోటారు మా వైపు నుంచే వస్తున్నది. చెట్టు కింద దుప్పటి మీద బియ్యం కుప్ప, అవ్వ దాని మీద పిల్లవాడికి చుట్టిన తన పాత చీర కప్పింది. అయినా అది కుప్పలాగే ఉంది. అవ్వ నా భుజం పట్టి కిందికి నొక్కింది. "కూసో." నేను ఆమె ముఖం వైపు చూశాను. మా ఇంట్లో రాలిన గింజను తొక్కితే కళ్లకద్దుకునేవాళ్లం. బియ్యం మీద కూర్చోమంటున్నది. "కూసో," అని మళ్లీ అన్నది. కూర్చున్నాను. నా బరువుకు బియ్యం కరకరమంటూ జరిగింది. పిల్లవాడిని ఒళ్లో పెట్టుకుని పాలకు పట్టాను.

తనిఖీకి వచ్చిన దొర దిగాడు. ముందు మా మీదే అతని కళ్లు పడ్డాయి. నాలుగడుగులు మా వైపు వేశాడు. బూట్ల చప్పుడు విని నేను తల ఎత్తలేదు. కొంగు కింద పిల్లవాడు పాలు తాగుతున్నాడు. వాడు చిన్న కాలు ఆడిస్తే కింద గింజలు కదిలి చప్పుడవుతాయని వాడి కాళ్లు రెండూ చేత్తో బిగించి పట్టుకున్నాను. వాడికి నొప్పి పెట్టి ఉంటుంది. ఏడవలేదు. పాలిచ్చే మనిషిని చూసి దొర ముఖం తిప్పుకున్నాడు. అటునుంచి జమేదారు ఏదో అన్నాడు, ఉర్దూలో. బాలింత అన్న మాట ఒక్కటి వినిపించింది. బూట్లు కర్ర వైపు మళ్లాయి.

ఆ తర్వాత జరిగిందంతా మేము చెట్టు కింద నుంచి చూశాం. బస్తా కింద పడేశారు. బాపును దాని పక్కన ఎండలో గొంతుకూర్చోబెట్టారు. ఒకసారి కొట్టిన చప్పుడు వినిపించింది. ఎవరు కొట్టారో, దేనితో కొట్టారో తెలియదు, అవ్వ నా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టింది. దొర పోయాక బాపు మా వైపు చూసి చెయ్యి ఊపాడు, పొమ్మని. మేము ఆ కర్ర మళ్లీ ఇటు దాటి ఆయన దగ్గరికి పోలేకపోయాం. తాడ్వాయి రైతు ఒకతను ఖాళీ బండితో పోతూ ఏమీ అడక్కుండా మమ్మల్నీ మూటనూ ఎక్కించుకున్నాడు. బాపును, ఎడ్లను రెండోనాడు వదిలేశారు. ఎందుకు వదిలారో ఆయన చెప్పలేదు. ఆ రెండు రోజుల సంగతి కాక లాగే ఆయన కూడా లోపలే ఉంచుకున్నాడు.

అత్త గడపలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మూట విప్పితే చూసి, "ఇన్ని ఒడిబియ్యం ఏ తల్లి పోస్తదే?" అన్నది. ఆమె గొంతు చాలా సన్నగా అయిపోయింది. మొదటి రోజు గంజి కాచి అవ్వే తాగించింది. లేవగలిగిన నాడే అత్త మూడిండ్లకు దోసిలి దోసిలి పంచి వచ్చింది. మా వాడకట్టులో చాలా రోజులు అందరి కంచాల్లోనూ పచ్చటి అన్నమే. నేను దానికి కూడా భయపడ్డాను. కడుగునీళ్లు పచ్చగా కాలువలో పారితే ఎవరైనా చూస్తారని, చీకటి ఉండగానే లేచి పెరట్లో గుంత తీసి పోసేదాన్ని. అత్త బతికింది. ఆ తర్వాత చాలా ఏండ్లు బతికింది.

మరో పంట వచ్చాక మళ్లీ డప్పు మోగింది. తాలూకాల మధ్య నాకాలు తీసేశారనీ, ధాన్యం ఎవరు ఎక్కడికైనా తీసుకుపోవచ్చనీ చాటారు. మా ఆయన గంజి నుంచి వచ్చి, బండ్లు వస్తున్నాయని చెప్పి గోడకు తల ఆనించి నిలబడ్డాడు. ఏడుస్తున్నాడని కాసేపటికి తెలిసింది. కామారెడ్డి వీధుల్లో మళ్లీ తవుడు ఎగిరింది. కానీ మా ఊరి బండ్లలో బాపు బండి లేదు. "గట్లనే అంటరు," అనేవాడట.

ఆయన మళ్లీ బియ్యం వేసుకుని బయల్దేరిన రోజున నేను కూడా బండిలో ఉన్నాను, పుట్టింటి నుంచి తిరిగి పోతూ. ఆ చోట గుడిసె కప్పు కూలిపోయి ఉంది. గుంజలు రెండూ ఉన్నాయి, మొద్దు లేదు. బాపు బండి ఆపాడు. దిగి తలగుడ్డ తీశాడు. గుడిసె వైపు చూసి, "జమేదార్ సాబ్," అని పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాడు. వెనక వచ్చిన బండివాడు, "ఎందుకు నిలబెట్టినవ్ పటేలా? తొవ్వ ఖుల్లా ఉన్నది గదా," అన్నాడు.

"ఎవలన్న రానియ్యి," అన్నాడు బాపు.

ఆ బండి మమ్మల్ని తప్పించుకుని గుంజల మధ్య నుంచి పోయింది. ఇంకో రెండు పోయాయి. బాపు నా దగ్గరికి వచ్చి, "నువ్వు దిగి ముందుగాల దాటు బిడ్డా," అన్నాడు. పిల్లవాడిని చంకనెత్తుకుని దాటాను. ఏమీ కాలేదు. అప్పుడు ఆయన పగ్గం పట్టుకుని ఎడ్ల ముందు నడిచి వచ్చాడు, గుడిసె మీద నుంచి కళ్లు తిప్పకుండా.

ఇప్పుడు ఆ బాట మీద వడ్ల లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. ఏ తాలూకా ఎక్కడ మొదలైందో డ్రైవరుకు తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. నాకు సంతోషమే. ఒక చెట్టు మొద్దు పక్కకు జరిపితే ఒక ఊరు అన్నం తింటుందని కళ్లారా చూసినదాన్ని. కానీ మొద్దు తీసినంత సులువుగా మనిషిలోంచి దాన్ని తియ్యలేం. బాపు బతికినన్నాళ్లూ ఆ చోట బండి దిగి నడిచే దాటాడు. తర్వాత బస్సులొచ్చాయి. ముసలితనంలో ఒకసారి ఆయన్ని దవాఖానాకని కామారెడ్డికి తీసుకువస్తున్నాను. అడవి పలచబడింది. గుంజలు లేవు, గుడిసె ఆనవాలు లేదు. ఆయన ముందు సీటు కడ్డీ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"దిగుతవా తాతా?" అన్నాడు కండక్టరు.

"లేదు. పోనియ్యి," అన్నాడు బాపు.

బస్సు ఆ చోటు దాటేదాకా అలాగే నిలబడి, తర్వాత మెల్లగా కూర్చున్నాడు. నేను ఆయన పక్కన కూర్చునే ఉన్నాను. నాకు కూడా లేవాలనే అనిపించింది.